కుక్కరుతో పాటు అప్పజెప్పింది

నా చిన్నప్పుడు అహ్మదిలో మేమున్న వరసలో ఎవరు కువైట్ వదిలి వెళ్ళినా, సామాను ఉండిపోయేవాళ్ళకు అప్పజెప్పి వెళ్ళేవారు. కుక్కరు, చాపలు, తొట్టిలో కరివేపాకు మొక్క. తీసుకున్నవాళ్ళు తాము వెళ్ళేనాడు మరొకరికి ఇవ్వాలి. అది అక్కడి ఆనవాయితీ.

నాకు పదేళ్ళప్పుడు మా వంతు వచ్చింది. మా నాయన ఉద్యోగం అయిపోయింది, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం గడువు దగ్గరపడింది, రాయచోటికి ప్రయాణం ఖాయమైంది. మా అమ్మ మాత్రం పెట్టె సర్దనని కూర్చుంది. అంతకు ముందటేడు మా తమ్ముడు మూడు నెలల పసివాడిగా జ్వరంతో పోతే అక్కడి ఖబరస్తాన్‌లోనే పెట్టాం. "వాణ్ణి ఒక్కణ్ణే ఈ ఇసకలో ఇడ్సిపెట్టి నేను యాడికీ రాను" అనేది. నాయన బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి ఆయనా ఏడ్చాడు. ఉండిపోవడానికి దారి లేదు.

పక్కింటి అక్క బెజవాడ నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన ఇంజనీరుగారి భార్య. పుస్తకాల పిచ్చి. ఒకరోజు మా అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ ఒక కథ మొదలుపెట్టింది. స్వీడన్ అనే చలిదేశం నుంచి తొలి ఓడల్లో అమెరికా వెళ్ళి స్థిరపడిన ఒకాయన కథ. నది ఒడ్డున దుంగలు పేర్చి ఇల్లు కట్టుకున్నాడు. మొదటి చలికాలంలోనే చంటిబిడ్డ పోతే ఇంటి వెనకే పాతిపెట్టాడు. కొన్నేళ్ళకు ఆ నేల వేరే రాజ్యం చేతికి పోయింది. తిరుగు ఓడ ఎక్కుదామంటే భార్య సమాధి దగ్గర నుంచి లేవనంది. అప్పుడు పొరుగింటావిడ వచ్చి, బిడ్డను తను చూసుకుంటానని చెయ్యి పట్టి లేపిందట. ఆమె ఓడ ఎక్కిందట.

కథ అయ్యాక అక్క తలెత్తకుండానే అంది. "పిన్నీ, కుక్కరు నాకే ఇస్తున్నారుగా. తమ్ముణ్ణి కూడా నాకే అప్పజెప్పండి."

మా అమ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి పెట్టె సర్దింది.

తన మతం కాకపోయినా అక్క మాట నిలబెట్టుకుంది. శుక్రవారం ఖబరస్తాన్ గేటు దాకా వెళ్ళివచ్చాననీ, తమ్ముడు బాగున్నాడనీ ప్రతి ఉత్తరంలోనూ రాసేది. కొన్నేళ్ళకు తామూ వెళ్ళిపోతున్నామనీ, తమ్ముణ్ణి ఒక మలయాళీ నర్సమ్మకు అప్పజెప్పాననీ రాసింది. ఆ తర్వాత ఉత్తరం లేదు. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినబడితే చాలు, మా అమ్మ పోయేదాకా గుమ్మంలోకి వచ్చేది.

పెద్దయ్యాక ఆ స్వీడన్ కుటుంబం గురించిన పుస్తకమే నా చేతికి వచ్చింది. అందులో పొరుగింటావిడ ఎక్కడా లేదు. ఆ తల్లి ఓడ ఎక్కనేలేదు, మరుసటి చలికాలానికి పోయింది. మా అమ్మ కోసం అక్క ముగింపు మార్చేసిందన్నమాట. అంత పెద్ద అబద్ధం అంత చిన్న వయసులో ఆడగలిగిన ఆ మనిషిని తలుచుకుని ఏడ్చాను.

ఇప్పుడు మా అమ్మాయి ఉద్యోగం పుణ్యమా అని మళ్ళీ కువైట్‌లోనే, బ్నీద్ అల్ గార్‌లో ఉంటున్నాను. మా తమ్ముడి సమాధి రాయి ఏదో ఎంత వెతికినా తెలియలేదు. అందుకే శుక్రవారాలు గేటు దగ్గర నిలబడి పసిబిడ్డలందరికీ కలిపి ఫాతిహా చదువుతాను. వచ్చే నెలతో అమ్మాయి ఉద్యోగమూ ఖలాస్, మేమూ వెళ్ళిపోవాలి.

నిన్న పక్కింటి కొత్త కోడలు కుక్కరు తీసుకుపోవడానికి వచ్చింది. కూర్చోబెట్టి స్వీడన్ ఆయన కథ మొదలుపెట్టాను. అక్క చెప్పినట్టే ముగించాను.