చుక్కల మాస్టారు మింగేసిన ఏడు పేజీలు

అంధ బాలికల పాఠశాలలో మెట్ల కింద ఒక ఇరుకు గది ఉంది. ఇరవై రెండేళ్లుగా అందులో కూర్చునే మనిషిని పిల్లలు చుక్కల మాస్టారు అంటారు. నిజానికి ఆయన పాఠాలు చెప్పే మాస్టారు కాదు. మామూలు అచ్చు పుస్తకాన్ని పక్కన పెట్టుకుని, ఆరు మీటల యంత్రం మీద మందపాటి కాగితానికి చుక్కలు పొడుస్తాడు. పిల్లలు ఆ చుక్కల్ని వేళ్లతో తడిమి చదువుకుంటారు. అచ్చులో ఒక్క పేజీ ఆయన చేతిలో మూడు పేజీలవుతుంది.

ఆయన కొట్టేవన్నీ పాఠ్యపుస్తకాలే. ఒకరోజు పదో తరగతి పిల్ల ఒకతి వచ్చి ఒక నవల బల్ల మీద పెట్టింది. ప్రతి మాటకీ వాదనకు దిగుతుందని ఆ పిల్లకి లాయరని పేరు.

"మాస్టారూ, మా అక్క ఇది మూడుసార్లు చదివింది. మాకూ కొట్టి పెట్టండి. మొత్తం మూడు భాగాలు."

"మూడు భాగాలా! నా వేళ్లు అరిగిపోవాలనా?"

అన్నాడే గాని కాదనలేకపోయాడు. ఇన్నేళ్లలో ఆయన పనిని కోరి అడిగినవాళ్లు లేరు.

అదొక నగరం కథ. ఎవరు ఏ వీధిలో నడవాలో అక్కడ సర్కారే గీత గీసి ఇస్తుంది. గీత దాటితే శిక్ష. పదహారేళ్ల పిల్ల ఒకతి దాటుతుంది. ఆమెను పట్టుకోవాల్సిన కాపలా కుర్రాడికి ఆమె మీద మనసవుతుంది. ఊరి చుట్టూ ఉన్న గోడ అవతలి నుంచి వచ్చిన ఇంకో కుర్రాడికీ అంతే. ఆమె ఎటూ తేల్చదు. మాస్టారికి ఒళ్లు మండేది. "ఊరు తగలబడుతుంటే ఈ పిల్లకి ఇద్దరిలో ఎవరి కళ్లు బావున్నాయన్న బెంగేమిటి?" అని విసుక్కుంటూనే, బడి వదిలాక రోజూ రెండు గంటలు కూర్చుని కొట్టాడు. మొదటి భాగం అలా అయింది. రెండో భాగంలో వాన వచ్చింది.

వానలో గోడ కింద ఆ పిల్లా కాపలా కుర్రాడూ ఇరుక్కుంటారు. ఏడు పేజీలపాటు మాటలు, మౌనాలు, చివర్న ముద్దు. మాస్టారి వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. చుక్క చుక్కగా ఆ మాట పొడవటం ఒక ఎత్తు. తప్పులు దిద్దేటప్పుడు ఇంకో ఎత్తు. ప్రూఫులు చూసే ఆవిడకి చూపు లేదు. పిల్లలందరికీ ఆవిడ పిన్ని. ఆవిడ చుక్కలు తడుముతూ పైకి చదువుతుంటే, ఈయన అచ్చు పుస్తకంతో సరిచూడాలి. తలుపు వేసిన గదిలో ఆవిడ అవన్నీ గట్టిగా చదవడం, తను ఊఁ కొట్టడం! ఊహకే చెవులు వేడెక్కాయి. ఏడు పేజీలూ దాటేసి, కథలో మర్నాటి ఉదయం దగ్గర అందుకున్నాడు.

ప్రూఫు చదువుతూ పిన్ని ఆగింది. "వాన ఎప్పుడు తగ్గిందండీ?"

"రాసినవాళ్లని అడగండి."

అక్కడికి సరిపోయిందనుకున్నాడు. పుస్తకం కుట్టి, అట్ట వేసి ఇచ్చాడు. పది రోజులకి లాయరు వెనక నలుగురు పిల్లల్ని వేసుకుని దిగింది.

"మాస్టారూ, వాన సీను ఎలా ఉందని అక్క ఫోనులో అడిగింది. ఏ వాన అన్నాను. నవ్వింది. తర్వాత జాలిపడింది. ఏడు పేజీలట కదా?"

"పొరపాటున పోయుంటాయి."

"ఒకటి పోతే పొరపాటు. ఏడూ పోతాయా?"

మాస్టారికి కోపం ముంచుకొచ్చింది. "నాలుగు నెలలు నడుం విరగ్గొట్టుకున్నాను. ఒక్కళ్లు థాంక్స్ చెప్పలేదు. ఏడు పేజీలకి మాత్రం దండెత్తి వచ్చారు!"

లాయరు తగ్గలేదు. "ఈ బడిలో లేచేది గంట కొడితే, తినేది గంట కొడితే. నడిచేది గోడకున్న కమ్మీ పట్టుకుని. ఎటు పోవాలో అందరూ చెప్తారు. ఆ పిల్లకీ అంతే. ఎవర్ని ఇష్టపడాలో మాత్రం దానికెవరూ చెప్పలేరు. అందుకే కదా మేం చదివేది! కళ్లున్నవాళ్లకి పుస్తకం మొత్తం ఇస్తారు. మాకు మాత్రం మీరు వడగట్టి ఇస్తారా?"

మాస్టారు "గంటైంది, క్లాసుకి పొండి" అన్నాడు. అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

ఇంటికెళ్లి భార్యతో మొరపెట్టుకున్నాడు. ఆవిడ నవ్వింది. "పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ మాట నోటితో అనలేరు. ఇంక వేళ్లతో ఏం కొడతారు?"

మర్నాడు పళ్లు బిగించి ఏడు పేజీలూ కొట్టాడు. రెండుచోట్ల చుక్క తప్పు పడితే గోటితో నొక్కి చదును చేసి మళ్లీ పొడిచాడు. పిన్ని చదవడం మొదలుపెట్టగానే కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"కుర్చీ చప్పుడు వినపడిందండీ," అంది పిన్ని, వేళ్లు ఆపకుండానే. "మీరెటు తిరిగినా నాకొకటే."

కుట్టు విప్పి ఇరవై ఒక్క కాగితాలు దూర్చేసరికి పుస్తకం ఉబ్బిపోయి అట్ట మూతపడలేదు. గట్టిగా అదిమితే చుక్కలు చదునైపోతాయి. తలుపు సందులోంచి ఆ అవతారం చూసిన సూపరింటెండెంటు ఇదేమిటని అడిగాడు. సంగతి విని తల పట్టుకున్నాడు.

"నవలలకి కాగితం ఎవరిమ్మన్నారయ్యా? మూడో భాగం కావాలంటే బడి కమిటీకి రాయండి. దీనివల్ల పిల్లలకి ఏం ప్రయోజనమో ఒక పేజీలో."

మాస్టారు మూడుసార్లు రాశాడు. మూడూ పాఠ్యపుస్తకంలో ముందుమాటలా తయారయ్యాయి. చించేసి, విధిలేక లాయరునే పిలిచి అడిగాడు.

"ప్రయోజనం ఏమీ లేదని రాయండి," అంది. "బావుందని రాయండి. చాలదా?"

అలాగే రాసి పంపాడు. నెల తిరక్కుండా కాగితం వెనక్కొచ్చింది: 'సరైన కారణాలు చూపలేదు.'

పిల్లలు రోజూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడుతున్నారు. చివరికి ఎవరిని ఎంచుకుందో ఒక్క ముక్క చెప్పమంటారు. ఆయన చెప్పడు. గోడ అవతలి కుర్రాడేనని పిన్ని పందెం కాస్తుంది. "వాడికేం తెలుసు, వానలో తోడున్నది కాపలా కుర్రాడు కదా!" అని మాస్టారు ఆవిడ మీద కేకలేస్తాడు, అచ్చు పుస్తకంలో ముగింపు ముందే చదివేసి కూడా. తను చెప్పినట్టు జరగలేదని ఆయనకింకా మంటగానే ఉంది.

కమిటీకి మళ్లీ రాశాడు. జవాబు లేదు. బడి కాగితం ముట్టుకోకుండా, సొంత డబ్బుతో కట్టలు తెచ్చుకుని, కమిటీనీ, సూపరింటెండెంటునీ, ఎటూ తేల్చని ఆ పిల్లనీ కలిపి తిట్టుకుంటూ సాయంత్రాలు కొడుతున్నాడు. ఇప్పటికి మూడో భాగంలో అరవై పేజీలయ్యాయి.