మా బావ కట్టిన కేజ్

నేను ఇవాళ బతికి ఉన్నది మా బావ వెల్డింగు వల్ల. ఈ మాట నలుగురి ముందు చెప్పవలసిన రోజు ఒకటి వచ్చింది. ఆ రోజు నేను చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను కానీ, దీనివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదని నాకు తెలుసు.

ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో కాంట్రాక్టరు కింద టిప్పరు నడుపుతాను. లోపల మట్టి నింపుకొని గుట్ట మీద పోయడం, మళ్లీ దిగడం. గోదావరిఖనిలో అమ్మా నేనూ ఉంటాం. అక్కను ఇచ్చింది గని కంపెనీ వర్క్‌షాపులో వెల్డరుగా చేసే మనిషికి. వాళ్ల క్వార్టరు సెంటినరీ కాలనీలో. బావ తక్కువ మాటల మనిషి. ఆయన చేతిలో వెల్డింగు హోల్డరు ఉన్నంతసేపు పక్కన ఎవరూ మాట్లాడకూడదు.

మూడేళ్ల కిందట నాకు డ్రిఫ్టింగు పిచ్చి పట్టింది. కారును కావాలనే పక్కకు జార్చి, వెనక చక్రాలు పొగలు కక్కుతుంటే వంపు తిప్పడం. రోజంతా గంటకు ఇరవై కిలోమీటర్లు దాటకుండా టిప్పరు తోలేవాడికి ఆ వీడియోలు ఎలా కనిపిస్తాయో చెప్పలేను. హైదరాబాదులో ఒక షెడ్డు వెనక పడి ఉన్న పాత విదేశీ కారు కొని లారీ మీద తెచ్చుకున్నాను. పోటీలో దిగాలంటే కారులో రోల్ కేజ్ ఉండాలన్నారు. కారు పల్టీ కొట్టినా పైకప్పు మనిషి మీద కూలకుండా లోపల ఇనుప పైపులతో కట్టే చట్రం అది. నాకు తెలిసినవాళ్లలో అది కట్టగలిగిన మనిషి బావ ఒక్కడే.

నెల రోజులు బతిమాలాను. ఆయన ఒప్పుకున్నప్పుడు రెండు షరతులు పెట్టాడు. తాను చెప్పిన పైపే తేవాలి. పని అయిపోయిందని తాను అనేదాకా బండి కదలకూడదు. రెండింటికీ తలూపాను. అక్కకు మాత్రం కథ తిప్పి చెప్పాను. బావకే సరదా పుట్టిందట, తానే చేస్తానని వెంట పడ్డాడని. నేనడిగానంటే ఆమె ఆ రోజే కారును అమ్మించేది. బావ పక్కనే ఉండి విన్నాడు. నన్ను చూసి నవ్వి ఊరుకున్నాడు.

మొదట ఊళ్లో ఇనుప దుకాణంలో దొరికిన పైపు తెచ్చాను. బావ దాని లోపల వేలు పెట్టి తడిమి పక్కన పడేశాడు.

"దీనికి పొడుగూత అతుకున్నది. పందిరికైతే పనికొస్తది. పల్టీ కొడితే గీ అతుకుకాడ్నే చీలుతది."

అతుకు లేని పైపు కోసం మంచిర్యాల తిరిగాను. అక్కడ దొరక్క హైదరాబాదు పోయి తెచ్చాను, దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూ.

క్వార్టరు ముందు రేకుల షెడ్డు కింద ఆదివారం ఆదివారం పని జరిగింది. అక్క బట్టలారేసే తాడు విప్పేశాం. ఆమె తడి బట్టలు పట్టుకొని పక్కింటివాళ్ల వాకిట్లోకి పోయేది, సణుక్కుంటూ పోయి నవ్వుతూ వచ్చేది. వంచిన చోట పైపు కాస్త నొక్కుకుపోయినా బావ దాన్ని వాడేవాడు కాదు. ఒక పైపు కొస ఇంకో పైపు గుండ్రం మీద కూర్చోవాలంటే కొసను చేప నోరులా కోయాలి. పాత క్యాలెండరు కాగితం చుట్టి గీత గీసి, కోసి, ఆకురాయితో రాసి, రెండూ ఆనించి చూసేవాడు. సందులోంచి వెలుతురు కనిపిస్తే మళ్లీ రాయడమే. ఒక్కో కొసకు పూట పట్టేది.

అన్నిటికంటే నన్ను విసిగించింది పైకప్పు కింది అతుకులు. పైపుకూ కప్పుకూ మధ్య రెండు వేళ్ల సందు కూడా లేదు. అతుకు పైభాగానికి వెల్డింగు రాడ్డు అందదు. కిందినుంచి మూడు పక్కలా అతికితే చాలని, పైన ఎవరు చూస్తారని అన్నాను. ఆయన మరుసటి వారం కారు అడుగు రేకుకు నాలుగు చోట్ల రంధ్రాలు కోశాడు. కేజ్ కాళ్లను ఆ రంధ్రాల్లోంచి కిందికి దించాడు. పైన జానెడు జాగా వచ్చింది. పక్కకు వంగి, మెడ విరిచి, ఒక్కో అతుకునూ చుట్టూరా వెల్డు చేశాడు. తర్వాత కేజ్‌ను పైకి లేపి, రంధ్రాల మీద మందపాటి ఇనుప పలకలు వేసి కాళ్లు కూర్చోబెట్టాడు. దానికే మూడు ఆదివారాలు పోయాయి. ఆ వారాల్లో ఆయన మెడ తిప్పలేక మొత్తం మనిషే తిరిగి చూసేవాడు.

అంతా అయ్యాక కేజ్‌కు ఎర్ర రంగు వేశాను. బాగుందన్నాడు. తల తగిలే చోట పైపులకు తొడగమని గట్టి ఫోము గొట్టాలు తెప్పించి ఇచ్చాడు.

"ఇది తొడగకుండ, హెల్మెట్ పెట్టకుండ ఎక్కకు బామ్మర్ది. ఇనుము కప్పును ఆపుతది గని నీ తలకాయను చూస్కోదు."

ఆదివారం బండి బయటికి తీద్దామని, తానూ వస్తానని అన్నాడు. సీటు బోల్టులు ఒకసారి బిగించి చూడాలట.

నాకు బుధవారం సెలవు దొరికింది. నేను ఆగలేదు. బావ డ్యూటీలో ఉండగా క్వార్టరుకు పోయి, బండి తీసుకుపొమ్మన్నాడని అక్కతో చెప్పాను. ఫోము తొడిగితే ఎర్ర రంగు కనబడదు. గొట్టాలు షెడ్డులోనే వదిలేశాను. వీడియో తీయడానికి ఒక స్నేహితుణ్ని వెంటేసుకొని, కారును ట్రాలీ మీద బెల్లంపల్లి చేర్చాను. అక్కడ మూతపడ్డ గని పక్కన ఒకప్పుడు బొగ్గు పోసిన సిమెంటు నేల ఖాళీగా ఉంది.

రెండు చుట్లు బాగానే తిరిగాను. హెల్మెటులో ముఖం కనబడటం లేదని స్నేహితుడన్నాడు. తీసి పక్కన పెట్టాను. మూడో చుట్టులో వెనక చక్రం సిమెంటు అంచు దాటి మట్టిలో దిగబడింది. కారు రెండు పల్టీలు కొట్టి చక్రాల మీదే నిలబడింది. నాకు గుర్తున్నది ఒక్కటే. స్నేహితుడు పరుగెత్తుకొచ్చి తలుపు లాగితే, ఇంటి ముందు ఆగిన కారు తలుపులా మామూలుగా తెరుచుకుంది. కప్పు రేకు నలిగి పైపుల మీద చుట్టుకుపోయింది. పైపులు మాత్రం వంగలేదు. నా ఎడమ భుజం ఎముక విరిగింది. చెవి పైన తల పగిలింది.

మంచిర్యాల దవాఖానలో కళ్లు తెరిచేసరికి అమ్మ, అక్క, ఇద్దరు ముగ్గురు చుట్టాలు ఉన్నారు. బావ షిఫ్టు మధ్యలో వచ్చినట్టున్నాడు, డ్యూటీ బట్టల్లోనే గోడ దగ్గర నిలబడ్డాడు. తలకు ఇనుప పైపు తగిలిందని డాక్టరు చెప్పి పోయాడు. అక్క బావ వైపు తిరిగింది.

"వాడంటే పోరడు, ఫోన్ల చూసిందల్ల కావాలంటడు. నీకేమైంది? నీ సరదాకు నా తమ్ముని పానం మీదికి తెచ్చినవు. నువ్వు పెట్టిన పైపే తగిలిందట వానికి."

అప్పటికి నాకు ముప్పై ఒకటి నిండాయి. అమ్మ ఏడుస్తూ అవే మాటలు మళ్లీ అంది. చుట్టాలు ఆయన వంక చూశారు. బావ మంచం దగ్గరికి వచ్చి, మెల్లగా నన్ను ఒక్కటే అడిగాడు.

"ఫోము తొడిగినవా?"

నాకు పూర్తిగా తెలివి ఉంది. అందరూ నా ముఖంలోకే చూస్తున్నారు.

"యాదికి లేదు బావ" అన్నాను.

ఆయన సరే అని బయటికి పోయాడు.

మరునాడు బెల్లంపల్లి నుంచి కారును తెప్పించింది ఆయనే. పైపుల మీద ఫోము లేదని అప్పుడు చూసి ఉంటాడు. షెడ్డులో గొట్టాలూ చూసి ఉంటాడు. అందరికీ చెబుతాడని భయపడుతూ మంచం మీద పడుకున్నాను. ఆయన చెబితే నేనే ఆయన మీద కోపం తెచ్చుకోవచ్చని కూడా అనుకున్నాను. ఆయన ఎవరికీ చెప్పలేదు.

కట్లు విప్పాక ఒకరోజు వాళ్లింటికి పోయాను. బావ కుర్చీ చూపించి, "కూసోండ్రి. చెయ్యి ఎట్లున్నది మీకు?" అన్నాడు. అక్క పెళ్లయి తొమ్మిదేళ్లు. ఆయన నన్ను మీరు అనడం అదే మొదటిసారి. క్షమించమని అడగడానికి పోయినవాణ్ని, నొప్పి తగ్గిందని చెప్పి టీ తాగి లేచాను. అక్క వంటింట్లోంచి రాలేదు. వాళ్లిద్దరికీ మాటల్లేవని అప్పుడే తెలిసింది. షెడ్డు ఖాళీగా ఉంది. వెల్డింగు మిషను ఎవరికో ఇచ్చేశాడట. కాలనీలో ఎవరి గేటు విరిగినా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఇప్పుడు లేదని పంపిస్తున్నాడట.

కారును హైదరాబాదు నుంచి వచ్చిన ఒకతను కొన్నాడు. అతను లోపల దూరి, ఫోను లైటు వేసి కప్పు కింది అతుకులు చూసి, ఇవి ఎవరు చేశారని అడిగాడు. మా బావ అన్నాను. నంబరు అడిగాడు. ఆయన ఇప్పుడు చేయడం లేదన్నాను.

నాలుగు నెలలు పోయాక అక్కతో నిజం చెప్పాను. పిల్లల స్కూలు బట్టలు ఇస్త్రీ చేస్తూ ఉంది. బతిమాలింది నేనేనని, ఫోము వదిలేసింది నేనేనని, హెల్మెటు తీసింది నేనేనని చెప్పాను. ఆమె ఇస్త్రీ పెట్టెను నిలువుగా పెట్టింది.

"ఆ రోజు ఆయనను అంతమంది ముంగట అన్న. నువ్వు ఇయ్యాల నా ఒక్కదాని చెవిల చెప్తున్నవు. నేను ఎట్ల వాపస్ తీసుకోవాలె రా?"

అందరికీ చెబుతానన్నాను. ఎప్పుడని ఆమె అడగలేదు.

వాళ్లు మళ్లీ మాట్లాడుకుంటున్నారు, అవసరమైనంత. అక్క పిల్లలతో వచ్చి పోతుంది. బావ మాత్రం మా గడప తొక్కలేదు. పండుగలకు కావాలనే డ్యూటీ వేయించుకుంటాడు. మొన్న దసరాకూ అంతే. అల్లుడు రాలేదేమని అమ్మ అడిగితే, పండుగ రోజు పని చేస్తే జీతం ఎక్కువ వస్తుందని అక్క చెప్పింది. అమ్మ నా విస్తట్లో ఇంకో ముక్క వేస్తూ, "మీ బావకు ఈ నడుమ పైసల మీద ఆశ ఎక్కువైంది" అంది. అక్క తల ఎత్తి నన్ను చూసింది. నేను అన్నం కలుపుకున్నాను.