వంకరగా కోసిన దొంగ రూపాయలు

1943లో నన్ను కోనసీమలోని ఒక తాలూకా ఖజానాకి షరాబుగా వేశారు. ఏ తాలూకాయో చెప్పను. నా తరవాత అక్కడ పనిచేసినవాళ్ళు బుద్ధిమంతులు, నా నిర్వాకం వాళ్ళకి చుట్టుకోకూడదు. షరాబు అంటే గుమాస్తాకి కింద, బంట్రోతుకి పైన. ఖజానాకి వచ్చిన ప్రతి నాణెం మంచిదో కాదో తేల్చడం అతని పని. దొంగ రూపాయి ఒకటి కన్నుగప్పి లోపలికి పోయిందా, ఆ రూపాయి అతని జీతంలోంచి పోతుంది. అందుకని షరాబు చెవులు మహా శ్రద్ధగా పనిచేస్తాయి.

అప్పట్లో సర్కారు పాత వెండి రూపాయలు వెనక్కి తీసుకుంటోంది. కుండల్లోంచీ అటకల మీంచీ రాజుగారి బొమ్మ రూపాయలు బయటికొచ్చాయి. వాటి వెనకే దొంగవీ వచ్చాయి. పట్టడం ఎలాగంటే, ముందు నల్లరాతి మీద వేసి మోగించాలి. మంచి వెండి సాగదీసి పలుకుతుంది. తగరమూ సీసమూ కలిపి పోసింది టక్కుమని ఊరుకుంటుంది. అనుమానముంటే వేళ్ళ మధ్య రుద్దాలి, సీసం ఉన్నది సబ్బులా జారుతుంది. అంచు చుట్టూ ఉండే సన్నటి గీతలు కూడా చూడాలి. మట్టి అచ్చులో పోసినదానికి ఎక్కడో ఒకచోట ఆకురాయితో దిద్దిన గుర్తుంటుంది. అప్పటికీ తేలకపోతే త్రాసు ఉండనే ఉంది, రూపాయి తూకం తులం. దొంగదని రుజువైతే తెచ్చినవాడి ఎదుటే కత్తెరతో రెండు ముక్కలు చేసి, ముక్కలు అతనికే ఇచ్చెయ్యాలని నిబంధన. మామూలుగా ఏడుపులు అప్పుడు మొదలవుతాయి.

అంబాజీపేట కొబ్బరి వర్తకులు వీర్రాజుగారు మాత్రం ఏడవలేదు. నేను కోసిచ్చిన ముక్కలు రెండూ కలిపి చూశారు, విడదీశారు, మళ్ళీ కలిపారు. మా కత్తెర మొండిది, కోత వంకరటింకరగా వచ్చింది.

"ఆయ్, భలే కోసేరండీ షరాబుగారూ!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. పాపం, మతి చలించిందనుకున్నాను.

కొద్ది రోజులకి ఆయనే మరికొన్ని దొంగ రూపాయలు పట్టుకొచ్చారు. ఆయన వెనక మిగతా వర్తకులు. పరువు పోతుందని ఇన్నాళ్ళూ దాచుకున్నవాళ్ళంతా ఇప్పుడు దర్జాగా తెచ్చి బల్ల మీద పెడుతున్నారు. మోగించక్కర్లేదట, దొంగవేనని వాళ్ళే ఒప్పుకుంటున్నారు. వంకరగా కొయ్యమని మాత్రం బతిమాలుతున్నారు. చెల్లని రూపాయికి సంతలో గిరాకీ పుట్టింది. నా సర్వీసులో అలాంటి వింత మళ్ళీ చూడలేదు.

కూపీ లాగితే తేలిందిది. కొబ్బరికాయల దింపుకి ముందు వర్తకుడు తోటవారి చేతిలో ఒక రూపాయి బయానా పెట్టడం ఆచారం. ఆ రూపాయి ఖర్చయిపోతుంది. ఈలోగా ఇంకొకరు ఎక్కువ ధర చెబితే బయానా సంగతి తోటవారికి చటుక్కున మరుపుకొస్తుంది. అదే దొంగ రూపాయి సగం ముక్క వాళ్ళ దగ్గరుంటే? ఖర్చు పెట్టలేరు, లేదనలేరు. వర్తకుడి ముక్క దానికి అతికితేనే దింపువాళ్ళు చెట్టెక్కుతారు. పైకం ముట్టాక తోటవారు తమ ముక్క తిరిగి ఇచ్చేస్తారు. సర్కారు కత్తెర, కూలి లేదు! నాకు భలే సరదా వేసింది. అడక్కుండానే వంకరలు తిప్పడం మొదలుపెట్టాను.

ఎన్ని దొంగ నాణేలు కోశామో నెలనెలా జిల్లా ఖజానాకి తెలియజెయ్యాలి. మా లెక్క మిగతా తాలూకాలన్నిటినీ దాటిపోయింది. పైవాళ్ళకి తోచింది ఒక్కటే, కోనసీమలో ఎక్కడో దొంగ టంకశాల నడుస్తోందని. కాకినాడ నుంచి ఒక పోలీసు ఇన్‌స్పెక్టరుగారు దిగారు. దిగీ దిగగానే మా ఖజానా మెట్ల మీద వీర్రాజుగారిని సోదా చేస్తే, మొలలో ఇంకా కొయ్యని దొంగ రూపాయలు దొరికాయి.

అక్కడితో సరదా తీరిపోయింది. కోసినవైతే ఒట్టి తగరం ముక్కలు. కొయ్యనివి మోసం చెయ్యడానికి దాచాడంటే జైలే. వీర్రాజుగారు నా మొహంకేసి చూశారు. కోయించడానికే తెచ్చారని నేను చెబితే ఆయన బయటపడతారు, సర్కారు కత్తెరతో కొబ్బరి బేరాలు నడిపినందుకు నా ఉద్యోగం ఊడుతుంది. నిజంగా భయం వేసింది. అయినా చెప్పేశాను.

ఇన్‌స్పెక్టరుగారు నమ్మలేదు. వీర్రాజుగారి దగ్గరున్న ఒక పాత ముక్క తీసుకుని, నన్నూ వెంటబెట్టుకుని, దాని జోడీ ఉన్న ముమ్మిడివరం వెళ్ళారు. తోట మార్తమ్మగారిది. మిషన్ బడిలో పంతులమ్మగా చేసి విరమించినావిడ. ఆవిడ లోపల్నుంచి తన ముక్క తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఇన్‌స్పెక్టరుగారి చేతిలోదానికి ఆనించారు. చక్కగా అతికింది.

"సరేనండి, దింపువాళ్ళని ఎప్పుడు పంపుతారండీ?"

తాను పోలీసునని ఆయన చెప్పారు.

"ఎవరైతేనేంటండీ, ముక్క తెచ్చేరు. ఈ దింపు మీదే."

సాక్ష్యానికి ఆవిడ ముక్క కూడా ఇమ్మని ఆయన గద్దించారు. ఆవిడ ముక్కని పిడికిట్లో బిగించి, ఏ మాత్రం తొణక్కుండా జవాబిచ్చారు.

"రెండు ముక్కలూ మీ దగ్గరుంటే నాకు పైకం ముట్టేసినట్టండి. ముందు పైకం ఇప్పించండి."

కొబ్బరికాయలు కొనే ఉద్దేశం లేక ఇన్‌స్పెక్టరుగారు తన ముక్కతోనే తిరిగొచ్చారు. ఖజానాకి చేరాక, మెట్ల మీద పట్టుకున్న రూపాయలు తన ఎదుటే కోయించారు. వంకరగానే తెగాయి. నేరం ఏమీ లేదని రాసుకుని, వీర్రాజుగారిని వదిలేసి వెళ్ళిపోయారు.

నాకు మాత్రం మెమో వచ్చింది, కోతలు తిన్నగా ఎందుకు లేవో సంజాయిషీ ఇమ్మని. కత్తెర మొండిదనీ, కొత్తది కావాలని అంతకు ముందే రాసుకున్నాననీ విన్నవించాను. రెండూ నిజాలే. మిగతా నిజం వాళ్ళు అడగలేదు. కొత్త కత్తెర వచ్చింది. అది గీత గీసినట్టు కోసేది, ఏ ముక్కకి ఏ ముక్కైనా అతికేది. వర్తకులు రావడం మానేశారు, మా లెక్క అడుగంటింది. దొంగ నాణేల బెడద అణిచినందుకు నన్ను మెచ్చుకుంటూ జిల్లా ఖజానా వారు ఉత్తరువు పంపారు.

రూపాయి దొంగదో కాదో రాయి చెబుతుంది. తెచ్చిన మనిషి దొంగో కాదో రాయికి తెలియదు, అది ఆ మనిషినే అడగాలి. మిగిలిన సర్వీసంతా నేను అడిగాకే కత్తెర పట్టాను.