బ్యాటరీకి ఉబ్బరం

మా నాయన నలభై ఏళ్లు గొర్రెలు మేపాడు. పచ్చిజొన్న మేసి గొర్రె కడుపు ఉబ్బితే, ఎడమ డొక్కలో దబ్బనం పొడిచి గాలి తీసేవాడు. ఆయన చేతిలో ఎన్ని గొర్రెలు బతికాయో లెక్కే లేదు. ఆ పనితనం చూసి గర్వపడేదాన్ని, ఆయన అదే దబ్బనం పట్టుకుని రేడియో ముందు కూర్చున్న రోజు దాకా.

ప్రొద్దుటూరులో ఆయన కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేయించి అప్పటికి రెండు నెలలు. ఎడమకన్ను చిన్నప్పుడే కంపముల్లు గుచ్చుకుని పోయింది. ఇక మిగిలింది ఆ ఒక్కటే. వేళ తప్పకుండా చుక్కల మందు నేనే వేశాను. తలకు పోసుకుంటానని ఆయన పోట్లాడితే, రెట్టింపు పోట్లాడి ఆపాను. "ఇప్పుడు శానా బాగా కనపడతాంది" అని ఆయన అన్న రోజు పాయసం చేశాను.

ఒక మధ్యాహ్నం, లింగాలలో మా ఇంటి వాకిట్లో, జమ్మలమడుగులో కొన్న ఛార్జింగ్ రేడియో వెనక మూత దానంతటదే ఊడి వచ్చింది. లోపల అగ్గిపెట్టెంత బ్యాటరీ పూరీలా పొంగింది. నేను వంటింట్లో నుంచి వచ్చేసరికి, నాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, దబ్బనానికి పసుపు కూడా రాసి, మొహం బాగా కిందికి వంచి, ఎక్కడ పొడవాలా అని వేలితో తడుముతున్నాడు.

"నాయనా! ఆపు!"

"ఏందమ్మే అట్ల అరుస్తాండావు? దీనికి ఉబ్బరం. గాలి తీస్తే అదే సర్దుకుంటాది."

"అది గొర్రె కాదు! పొడిస్తే భగ్గుమని మొహానికే అంటుకుంటాది. ఉండే ఒక్క కన్నూ పోగొట్టుకుంటావా?"

దబ్బనం లాక్కున్నాను. పక్కింటి ఆమె ఫోన్ బ్యాటరీ అలాగే ఉబ్బి, మంటలెత్తి, చాప కాలిపోవడం నేను కళ్లారా చూశాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన మాత్రం మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

పులివెందులలో రేడియోలు బాగుచేసే ఒకాయనకు ఫోన్ చేశాను. కువైట్‌లో పదేళ్లు పనిచేసి వచ్చి అంగడి పెట్టుకున్న మనిషి.

"ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు అక్కా. మెల్లగా తీసి ఇనప డబ్బాలో పొడి ఇసక పోసి, దాంట్లో పెట్టు. గడ్డివాముకు దూరంగా, బయట పెట్టు. రేపు ఇసకతోనే ఎత్తుకొని రా."

మర్నాడు స్కూటీ మీద, వెనక నాయన, ఆయన చేతిలో ఇసక డబ్బా, నా సంచిలో రేడియో.

అంగడాయన డబ్బాలోకి తొంగి చూసి తల పట్టుకున్నాడు. "దీన్నా పొడవబోయినావు మామా? అల్లా కాపాడినాడు." దాన్ని వేరే పాత బ్యాటరీలతో కలపకుండా దూరంగా పెట్టి, కొత్తది తీసి నా ముందు పెట్టాడు. "సైజు కలిస్తే చాలదక్కా. రేడియో లోపల రాసుండే వోల్టుల నంబరూ, దీని మీది నంబరూ ఒకటేనా చూడు."

అద్దాల కోసం నేను సంచి వెతుకుతుంటే నాయన రెండూ అందుకుని కుడికంటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఈడ మూడు పాయింటు ఏడు. ఆడా మూడు పాయింటు ఏడే. సరిపాయ."

చీమతలకాయంత అంకెలు! బతుకు జీవుడా అనుకుని, అంగడి మెట్టు మీదే కూలబడి బోరున ఏడ్చేశాను.

లోపల రేడియో గట్టిగా పలికింది. నాయన బయటికొచ్చి నన్ను చూసి, "అది బాగైంది కదమ్మే, ఇంకా ఏడుస్తాండావేంది?" అన్నాడు.