మా దీవి వయసు అడిగిన టీచరు గారు

మా పెద్ద టీచరు గారు పోయారని ఆవిడ తమ్ముడు ఫోన్ చేసి చెప్పారు. "తెల్లారి లేపబోతే లేవలేదండి. ప్రభువు నిద్రలోనే పిలుచుకున్నాడు. సాయంత్రం ఇక్కడే, ధవళేశ్వరంలోనే భూస్థాపన," అన్నారు. తణుకులో బస్సెక్కి కూర్చున్నాక గాని నాకు ఏడుపు రాలేదు. వచ్చాక కూడా ఎక్కువసేపు నిలవలేదు. పక్క సీట్లో ఆవిడే ఉంటే ఈపాటికి కండక్టరుని ఏదో ఒకటి అడుగుతూ ఉండేవారు కదా అని తోచి, ఏడుస్తూనే నవ్వుకున్నాను.

నా మొదటి ఉద్యోగం గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక చిన్న దీవిలో. తొంభైల నడుమ మాట. ముందు సముద్రం, వెనక ఏటిపాయ, పాయకి అవతల మడ అడవి. మధ్యలో ఇసక, సరుగుడు చెట్లు, చేపలు పట్టేవాళ్ళ పాకలు, ఒక తాటాకుల బడి. పడవ దిగేసరికి నా చీర మోకాళ్ళదాకా తడిసింది. ట్రాన్స్‌ఫర్ ఎలా పెట్టుకోవాలా అని ఆలోచిస్తూ ఒడ్డున నిలబడితే, చెప్పులు చేత్తో పట్టుకుని ఒకావిడ ఎదురొచ్చారు. నమస్కారం పెట్టేలోపే, "వచ్చేటప్పుడు పడవ ఎక్కడైనా ఇసకలో దిగబడిందా అమ్మా?" అన్నారు.

"దిగబడిందండి. మలుపు దగ్గర అందరం దిగి తోశాం."

"అయితే అక్కడ మేట పెరుగుతోందన్నమాట," అని సంతోషపడ్డారు. అక్కడ ఇంకో దీవి పుడుతోందని ఆవిడ అనుమానం. నా తడిసిన చీర ఆవిడ కంటికి ఆనలేదు.

ఆ బడికి ఆవిడ పెద్ద టీచరు, నేను చిన్న టీచరుని. మేమిద్దరమే. ఆవిడ భర్త పోయారు, పిల్లలు లేరు. ఊళ్ళోవాళ్ళు టీచరమ్మ గారూ అనేవాళ్ళు. ఆదివారం పూట పడవ మీద అవతలి ఒడ్డుకి, అక్కడి చర్చికి వెళ్ళొచ్చేవారు. ఆ పడవలో కూడా ఊరుకునేవారు కాదు. మడచెట్ల వేళ్ళు మేకుల్లా పైకెందుకు లేస్తాయి? తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి పోయినేడు వచ్చిన ఒడ్డుకి కాక, ఈ ఏడు పక్క ఒడ్డుకి ఎందుకు వచ్చాయి? పడవ నడిపే ఆయన తెలిసింది చెప్పేవాడు. తెలియకపోతే, "అదేటోనండి, నేనెప్పుడూ చూడలేదు," అనేవాడు. మర్నాటికి చూసి వచ్చేవాడు.

ఏ ఇంటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు అడిగేవారు, దాహం కోసం కాదు, రుచి కోసం. చుట్టూ ఉప్పునీళ్ళే అయినా ఆ దీవిలో ఇసక కొంచెం తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరేవి. ఆశపడి లోతుగా తవ్వితే ఉప్పు తగిలేది. ఎందుకో నాకు తెలియదని గ్రహించి, ఒకరోజు నన్నూ పిల్లల్నీ తీసుకెళ్ళి చెలమ తవ్వించారు. "వాన నీళ్ళు తేలిక, ఉప్పునీళ్ళు బరువు. పైన పడిన వాన, ఇసకలో ఇంకి, ఆ ఉప్పు మీద తేలుతూ ఉంటుంది. మీరు పొద్దున్న తాగింది పోయిన వర్షాకాలం," అన్నారు. పిల్లలు చెలమలోకి తొంగి చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆ వారం నేను ట్రాన్స్‌ఫర్ సంగతి మర్చిపోయాను.

"పుస్తకంలో దీవికి వయసుండదు. మన దీవికి ఉంది," అనేవారు. ఆ వయసు తెలుసుకోవాలని ముసలివాళ్ళందరి చుట్టూ తిరిగేవారు.

తొంభై ఆరు తుఫానుకి బడి ఆనవాలు లేకుండా పోయింది. వేటకెళ్ళిన పడవల్లో కొన్ని తిరిగి రాలేదు. మా తరగతిలో తండ్రులు లేని పిల్లలు మిగిలారు. కొన్నాళ్ళు ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు. చెట్టు కింద పిల్లల్ని కూర్చోబెట్టుకుని, వాళ్ళు చెబితే వినేవారు, లేకపోతే ఊరుకునేవారు.

తర్వాత పక్కా బడి మంజూరైంది. పడవలు ఆగే చోట, పాకల పక్కన, సముద్రం వైపే స్థలం చూపించారు. అందరికీ నచ్చింది. సముద్రం లోపలికి వస్తుందేమోనని పెద్ద టీచరు గారొక్కరే అక్కడొద్దన్నారు. సరుగుడు తోట దాటాక, ఏటిపాయ వైపు కట్టమన్నారు. ఊరు నొచ్చుకుంది.

"మా ఇళ్ళు ఇక్కడుంటే బడి అక్కడెందుకండి?" అన్నాడు కులపెద్ద. "పిల్లలు ఆ ఎండలో, ఆ ఇసకలో ఎలా నడుస్తారు? ఉన్న వాళ్ళని పోగొట్టుకున్నాం. వీళ్ళనైనా కళ్ళెదురుగా ఉంచుకోనివ్వండి."

ఇంటికొచ్చాక నేనడిగాను: "సముద్రం ఆ స్థలందాకా వస్తుందని మీకు ఖాయంగా తెలుసా అండి?"

"తెలీదమ్మా. తెలిస్తే అడగనుగా," అన్నారు. మర్నాడు ఊళ్ళో అందరికన్నా పెద్దావిడ దగ్గరికి బయల్దేరారు. నేనూ వెళ్ళాను. ఆ అవ్వ వల బాగుచేస్తోంది.

"అవ్వా, నీ చిన్నప్పుడు ఊరు ఎక్కడుండేది?"

అవ్వ సూది ఆపకుండా గడ్డంతో సముద్రం వైపు చూపించింది. "మా అమ్మ నీళ్ళు తోడిన నుయ్యి ఇప్పుడు సంద్రంలో ఉందమ్మా. మా మనవడి వల దానికే తగులుకుని చిరుగుద్ది. మా నాన్న కూలి కోసం బర్మాకి, రంగం ఓడెక్కిన రోజు, తెరచాప కనపడినంతసేపూ మా అమ్మ ఆ నూతి దగ్గరే నిలబడిందంట. ఆయన మళ్ళీ రాలేదు."

బడి స్థలం చూడటానికి ఇంజనీరు గారు వచ్చిన రోజున, నీళ్ళు బాగా తీసే పాటు వేళ చూసి, పెద్ద టీచరు గారు ఆయన్నీ కులపెద్దనీ అవ్వనీ నన్నూ పడవెక్కించారు. ఒడ్డు దూరమయ్యాక అవ్వ మనవడు పడవ ఆపాడు. నీళ్ళ అడుగున గుండ్రంగా, నాచు పట్టిన నూతి ఒర అంచు కనపడింది. అవ్వ పడవలోంచి వంగి, జబ్బదాకా చెయ్యి ముంచి దాన్ని తడిమింది. తర్వాత ఆ చెయ్యి తుడుచుకోకుండానే చుట్టూ చూపించింది: "ఇది మా వాకిలి. అది మా పెదనాన్న ఇల్లు. అక్కడ చేపలు ఎండబెట్టేవోళ్ళం." ఆవిడ చూపించిన చోటల్లా అలలే.

అందరం ఒక్కసారే వెనక్కి తిరిగి ఇప్పటి ఊరి వైపు చూశాం. చాలా దూరంగా ఉంది. కులపెద్ద తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆయ్, ఇక్కడ వలలు చిరిగే సంగతి నాకూ తెలుసండి," అన్నాడు. "నుయ్యని తెలుసు. ఊరని అనుకోలేదు."

"ఊరంతా ఒక మాట మీద ఉంటే స్థలం మారుస్తానండి. పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను," అన్నారు ఇంజనీరు గారు. పెద్ద టీచరు గారు మాత్రం గెలిచినట్టు లేరు. అవ్వ తడిచేతిని తన కొంగుతో తుడుస్తూ కూర్చున్నారు.

బడి తోట వెనక్కి వెళ్ళింది. పిల్లలు ఎండలో నడవకుండా ఆవిడ పొద్దున్నే ఊళ్ళోకి వచ్చి, అందరినీ వెంటబెట్టుకుని చెట్ల నీడన తీసుకెళ్ళేవారు. కొన్నేళ్ళలోనే మొదట చూపించిన స్థలం అలల కిందికి పోయింది. ఒక్కొక్క పాకే బడి దగ్గరికి జరిగింది. ఆఖరుగా వచ్చింది కులపెద్ద ఇల్లే.

కథ ఇక్కడితో ఆపితే ఆవిడ ఒప్పుకోరు. ఆవిడ రిటైరయ్యాక, రెండువేల ఆరులో గోదావరికి పెద్ద వరద వచ్చి, ఏటిపాయ వైపు నుంచి బడిలో కిటికీలదాకా నీళ్ళు నిలిచాయి. అందరూ ముందే అవతలి ఒడ్డుకి దాటడంతో ప్రాణాలు దక్కాయి. నీళ్ళు తీశాక ఆవిడ పడవ మీద వచ్చి, గోడ మీది మరకని చేత్తో తాకి చూశారు. "సముద్రం గురించి అందర్నీ అడిగాను. వెనక ఉన్న గోదారి గురించి ఒక్కరినీ అడగలేదు చూడు," అన్నారు. కులపెద్ద నవ్వి, "మీరు అడక్కపోతే మేమైనా చెప్పాల్సింది కదండీ," అన్నాడు. ఆ ఏడే ఊరంతా కలిసి బడి చుట్టూ కట్ట వేశారు.

ధవళేశ్వరంలో తమ్ముడి ఇంటికి చేరినప్పుడు, ఎందుకండీ అక్కడ అంటే, "మన దీవిని నిలబెట్టే గోదారి మట్టి ఎక్కడ ఆగిపోతోందో దగ్గరుండి చూద్దామని," అనేవారు. ఎండాకాలం ఆనకట్టకి ఎగువన తేలిన మేటల్ని చూసి వచ్చి, నాకు ఫోన్‌లో వర్ణించేవారు.

భూస్థాపన అయ్యాక అందరం ఇంటికొచ్చాం. దీవి నుంచి పడవా బస్సూ మారి వచ్చిన వాళ్ళు అరుగు మీద కూర్చున్నారు. లోపల ఆవిడ గదిలో కిటికీ గూట్లో ఒక గాజు గ్లాసు ఉంది. నిండా ఎర్రనీళ్ళు.

"గోదారికి కొత్తనీరు వచ్చిందని అక్క నిన్న సాయంత్రం రేవు నుంచి ముంచి తెచ్చిందండి. ఎంత మట్టి దిగుతుందో చూడాలంది," అన్నారు తమ్ముడు. గ్లాసు తీయడానికి చెయ్యి చాపి, "పారబోయమంటారా?" అన్నారు.

"ఉండనివ్వండి. ఇంకా తేరుకోలేదు," అన్నాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఇద్దరం గ్లాసు ముందు నిలబడ్డాం. అడుగున సన్నటి ఎర్రమట్టి పొర. పైన నీళ్ళు కొంచెం తేటపడ్డాయి. వాలుతున్న ఎండలో, వాటి నడుమ నుంచి మెరుస్తూ, నలుసు తర్వాత నలుసు నెమ్మదిగా కిందికి దిగుతోంది.