జిప్ లోపలి పేరు

జరీనా గారి అమ్మాయి పంపిన పాత గాజుల డబ్బా తెరవగానే, చిలకలపూడిలో నగలకు పూత వేసే వీధి వాసన గుప్పుమంది. లోపల ఒక హార్డ్ డిస్క్. "అమ్మ ఆఫీసు ఫొటోలన్నీ ఒక్క జిప్ చేసి పంపండి అన్నయ్యా. అమ్మ పోయాక మాకు మిగిలింది అవే," అంది ఫోనులో.

జరీనా గారు బందరులో చిన్న కంప్యూటర్ ఆఫీసు నడిపేవారు. రోల్డుగోల్డు నగలు చేసే ఇళ్లలో ఫొటోలు తీయించి, ఒక్కొక్క ఇంటివి ఒక్కొక్క జిప్ ఫైలుగా మూటగట్టి కొనేవాళ్లకు పంపడం ఆవిడ పని. ఆ ప్రోగ్రాం రాయడానికి నన్ను పెట్టుకున్నారు. అప్పటికే దివిసీమలోని మా తాతల దివాణం చేతులు మారింది. కొన్నవాళ్లు అన్నిటికంటే ముందు చెరిపింది గేటు మీది మా ఇంటిపేరే. నా కంప్యూటర్లో పనిచేసుకునే ఫోల్డరుకు ఆ పేరే పెట్టుకున్నాను. గేటు పోయినా పేరు నాదే కదా.

నేను కట్టిన మొదటి జిప్ తెరిచి ఆవిడ పకపకా నవ్వారు. నా కంప్యూటర్లో ఫొటోల దాకా వెళ్లే దారిలోని ఫోల్డర్లన్నీ వాటి పేర్లతో సహా అందులోకి వచ్చేశాయి.

"ఏం బాబుగారూ, మీ దివాణం గేటు దాటి, వరండా దాటి, హాలు దాటితే గానీ గాజులు కనపడవా?"

"మార్చేస్తానండీ," అన్నాను బిగుసుకుపోయి.

"కోపమొద్దండీ. మీ దగ్గర ఏ పేరున్నా, జిప్ లోపల మనం ఏది రాస్తే అదేగా ఉండేది? పూతకి పంపేటప్పుడు ఎవరి తట్టకి వాళ్ల ఇంటి చీటీ కడతారు చూశారా? అలా చేసినవాళ్ల పేరు పెట్టండి."

ప్రోగ్రాంలో ఒక్క పంక్తి మార్చాను. అప్పటినుంచి జిప్ తెరవగానే కోటేశ్వరమ్మ అనో మస్తాన్ అనో నగ చేసిన మనిషి పేరే పలకరించేది. ఎక్కడెక్కడి కొనుగోలుదారులో ఆ పేర్లు పట్టుకుని నేరుగా ఆ ఇళ్లకే ఆర్డర్లు ఇవ్వసాగారు.

ఆ ఇళ్ల నగలు కొని అమ్ముకునే గుడివాడ వ్యాపారి ఒకాయనకు ఇది నచ్చలేదు. మా ఆఫీసు ఎక్కువగా ఆయన పని మీదే నడిచేది. ఒకరోజు వచ్చి కూర్చుని, "ఆ ఇళ్లవాళ్ల పేర్లు తీసేసి అన్నిటికీ మా షాపు పేరు పెట్టండమ్మా. లేదంటే నా పని వేరేచోట చేయించుకుంటా," అన్నాడు.

జరీనా గారు నా వైపు తిరిగారు. "మార్చడానికి ఎంతసేపు పడుతుందండీ?"

"నిమిషం చాలండీ. కానీ నేను మార్చను. గేటు మీది పేరు చెరిపేస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు."

ఆవిడ టీ గ్లాసు ఆయన ముందుకు జరిపారు. "విన్నారుగా బాబాయ్ గారూ. నా మాటా అదే. టీ తాగి వెళ్లండి."

ఆయన టీ ముట్టకుండానే లేచాడు. ఆ పని పోయింది. ఆ వేసవంతా ఏసీ ఆపేసి, కిటికీలు తెరుచుకుని, ఉప్పుగాలిలో పనిచేశాం.

"దివాణంలో ఏసీ ఉండేదా బాబుగారూ?" అనేవారు ఆవిడ చెమట తుడుచుకుంటూ.

"లేదండీ," అనేవాణ్ణి తలెత్తి. మా దివాణం బాగా నడిచిన రోజుల్లో కూడా నేను అంత దర్జాగా కూర్చోలేదు.

ఇవాళ ఆవిడ ఫొటోలకు జిప్ కట్టాను. నా కంప్యూటర్లో ఫోల్డరుది ఇప్పటికీ మా ఇంటిపేరే. జిప్ లోపల ఉండాల్సిన పేరు మాత్రం నా చేత్తో టైపు చేశాను. పంపేముందు ఒకసారి తెరిచి చూసుకున్నాను. మొదట జరీనా. లోపలికి వెళ్తే కోటేశ్వరమ్మ, మస్తాన్, అందరూ.