ఎర్రచుక్క కింద నలుపు

ఆ మెకానిక్ షెడ్డుకో చట్టం ఉండేది. ఎర్రచుక్క పెట్టిన నట్టు మీద ఇంకెవరూ స్పానర్ పెట్టకూడదు. చట్టం చేసినవాడు వైరింగు మేస్త్రి. తాను బిగించిన ప్రతి నట్టు మీదా అగ్గిపుల్లతో ఎర్ర రంగు ఒక చుక్క పెట్టేవాడు. "చుక్క పడిందంటే పూచీ నాది" అనేవాడు. జనం అతణ్ణి చుక్కల మేస్త్రి అని పిలిస్తే లోలోపల మురిసిపోయేవాడు. మురిసిపోతే తప్పేం లేదు, పనిమంతుడే. కాకపోతే పనిమంతులకు వచ్చే జబ్బు కూడా అతనికి వచ్చింది. తప్పు ఎప్పుడూ పక్కవాడిదే.

పక్కవాడు అతని బావమరిది, భార్యకు సొంత తమ్ముడు. ఇంజను పని అతనిది, కరెంటు పని ఇతనిది. పద్దెనిమిదేళ్లు ఒకే రేకుల కింద చేశారు. బావమరిది స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని ఇంజను గుండె వినేవాడు. కార్బురేటర్ స్క్రూను వేలికొసలతో వెంట్రుకవాసి తిప్పేవాడు. ఆ తర్వాత బండి, యాక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా, పడుకున్న పిల్లిలా నిదానంగా గురగురలాడుతూ ఉండేది.

వాళ్లిద్దరి మధ్యా నిప్పు పెట్టింది ఒక పాత పికప్పు. మొక్కలు అమ్ముకునే ఒకావిడది. అయిదేళ్ల కిందట ఇంజను మొత్తం విప్పి బాగుచేసి, కొత్త వైరింగు వేసి, ఛాసిస్‌కు నల్ల రంగు కొట్టి ఇచ్చారు. వారం తిరక్కుండా బండి మళ్లీ వచ్చింది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు ఆగిపోతోంది. లైట్లు వేస్తే గుడ్డిదీపాల్లా వెలుగుతున్నాయి. బావమరిది కార్బురేటర్ మూడుసార్లు విప్పాడు, మూడుసార్లు కడిగాడు. చివరికి మెల్లగా అన్నాడు.

"బావా, సెల్ఫ్ కొట్టినప్పుడల్లా యాక్సిలరేటర్ కేబుల్ కాలిపోతోంది. కరెంటు దారి దొరక్క అటు పోతోందేమో. ఇంజన్ ఎర్త్ ఒకసారి చూడవా?"

షెడ్డులో అప్పుడు నలుగురైదుగురు డ్రైవర్లు ఉన్నారు. మేస్త్రి వాళ్ల వైపు తిరిగి పకపకా నవ్వాడు.

"కేబుల్‌కి జ్వరమొచ్చిందట! నుదుటి మీద తడిగుడ్డ వెయ్యరా! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చేతకాకపోతే నా చుక్క మీద పడతావేం?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు షెడ్డు దాటి వీధులన్నీ తిరిగింది. కాలు తీసినా బండి ఆగకుండా ఐడిలింగు కూడా పెట్టలేనివాడికి ఇంజను ఎవరిస్తారు? మూడు నెలలకు బావమరిది స్పానర్ల పెట్టె అక్కడే వదిలేసి, ఒక గోడౌన్లో మూటలు మొయ్యడానికి పోయాడు. అక్క గడప మళ్లీ తొక్కలేదు. ఆమె ఆ పెట్టెను మంచం కింద పెట్టుకుంది. ఆ ఇంట్లో నవ్వు కూడా ఆ మూటలతోనే పోయింది.

ఇన్నేళ్లూ మొక్కలావిడ ఒక కాలు యాక్సిలరేటర్ మీదే ఉంచి బండి నడుపుకుంది. ఇప్పుడు అమ్మేద్దామనుకుంది. "రేపు పొద్దున కొనేవాళ్లొస్తారయ్యా, లైటేస్తే ఆగిపోయే బండి ఎవరు కొంటారు? నువ్వే చూడాలి" అని తాళం ఇచ్చి వెళ్లింది.

మేస్త్రి బ్యాటరీ చూశాడు, బాగుంది. ఆల్టర్నేటర్ చూశాడు, అదీ బాగుంది. ఐడిలింగుకు పెట్రోలు వదిలే చిన్న కరెంటు వాల్వు కార్బురేటర్లో ఉంటుంది. అది మాత్రం కరెంటు చాలక సగమే లేస్తోంది. షెడ్డు వెనకే ఉన్న ఇంట్లోంచి భార్యను పిలిచి సెల్ఫ్ కొట్టమన్నాడు. బానెట్ కింద చెయ్యి ఆనించి వంగాడు. చురుక్కుమంది. యాక్సిలరేటర్ కేబుల్.

కాలిన వేలు నోట్లో పెట్టుకోగానే బావమరిది మాట గుర్తొచ్చింది. ఆ తర్వాత మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కూ, ఇంకో కొస ఇంజనుకూ పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టించాడు. ముల్లు కదలకూడదు. మూడు వోల్టులు దాటింది. కరెంటు తిరిగి వెళ్లడానికి ఇంజను నుంచి ఛాసిస్‌కు వేసే ఎర్త్ పట్టీ దగ్గరికి పాకాడు. నట్టు మీద మసి తుడిచాడు. కింద ఎర్రచుక్క. విప్పి చూస్తే, పట్టీ కింద నల్ల రంగు నిగనిగలాడుతోంది. ఆనాడు తొందరలో తనే రంగు గీకకుండా పట్టీ బిగించేశాడు. రంగులోంచి కరెంటు పోదని చెప్పాల్సింది అతనికా! గురివింద గింజ తన నలుపెరగదంటారు. ఇతగాడు అయిదేళ్లు ఎరగలేదు.

గరుకు కాగితంతో పది నిమిషాలు రుద్ది బిగించాడు. బండి స్టార్టయింది. లైట్లు భగ్గున వెలిగాయి. ఇంజను ఆగలేదు.

"తప్పు తమ్ముడిది కాదు కదండీ?" అందామె, స్టీరింగు వదలకుండా.

"కాదు" అన్నాడు.

"అయితే వెళ్లి తీసుకురండి."

ఆ సాయంత్రమే గోడౌన్ గేటు దగ్గర బావమరిదిని పట్టుకున్నాడు. భుజం మీద గోనె గుడ్డ, అరచేతుల నిండా కాయలు.

"ఎర్తేరా. నాదే తప్పు. ఇంటికి రా."

బావమరిది ఆశ్చర్యపోలేదు. "నాకా రోజే తెలుసు బావా. నీ చుక్క నేను తీస్తే నీ పరువు పోతుందని, నువ్వే చూస్తావని ఆగాను."

"వచ్చెయ్యరా మరి."

"నన్నన్నది నలుగుర్లో. ఇప్పుడేమో ఇద్దరమే ఉన్నప్పుడు చెప్తున్నావు. ఇదే మాట ఆ నలుగుర్లోనే చెప్పు. వస్తా." మూట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు భార్యకు చెప్పాడు. "అంతేగా? ఒక్క మాటేగా?" అందామె. అన్నం తినడం కూడా మరిచి, మంచం కింది పెట్టె బయటికి లాగింది. ఒక్కో స్పానరూ కిరోసిన్ గుడ్డతో తుడిచింది. పొద్దున్నే ఆ పెట్టెను షెడ్డు బల్ల మీద, అందరికీ కనబడేలా పెట్టి, గుమ్మంలో నిలబడింది.

మొక్కలావిడ కొనేవాళ్లతో వచ్చింది. ఆ పాత డ్రైవర్లే బల్ల చుట్టూ టీ తాగుతున్నారు. బండి స్టార్ట్ చేశారు. ఆగకుండా గురగురలాడుతూనే ఉంది.

"ఇన్నేళ్ల రోగం ఒక్కపూటలో కుదిర్చావే! ఇంతకీ ఏమైందయ్యా?" అందావిడ.

అందరూ అతని వైపు చూశారు. మేస్త్రి నోరు తెరిచాడు. మాట గొంతు దాకా వచ్చింది. చుక్కల మేస్త్రి అన్న పేరు దానికి అడ్డం పడింది.

"పాత బండి కదమ్మా" అన్నాడు. "తుప్పు."

"నీ బావమరిదయితే దీన్ని చంపేసేవాడే!" అన్నాడు ఒక డ్రైవరు. అందరూ నవ్వారు. మేస్త్రి అగ్గిపుల్ల ఎర్ర రంగులో ముంచి ఎర్త్ నట్టు మీద చుక్క పెట్టాడు.

అతను తలెత్తేసరికి బల్ల ఖాళీగా ఉంది. భార్య పెట్టె ఎత్తుకుని లోపలికి వెళ్లిపోతోంది.